ఆరు కొమ్ముల రౌటర్, అరవై నాలుగు యాంటెన్నాల టవర్: మీ ప్రశ్నలకు జవాబులు

ఈ నెల యాంటెన్నాల నెల అనుకోండి. ఇంట్లో వైఫై పెట్టె దగ్గర మొదలుపెట్టి రైల్లో తెగిపోయే నెట్ దాకా, వచ్చిన ప్రశ్నలన్నీ చివరికి ఒక్కచోటికే చేరుతున్నాయి. ఒకటికి బదులు నాలుగో, ఎనిమిదో, అరవై నాలుగో యాంటెన్నాలు పెడితే ఏం ఒరుగుతుంది, పెట్టినా మనకెందుకు ఒరగట్లేదు? అందుకే అన్నిటినీ ఒకే మూటగా కట్టి జవాబులు రాస్తున్నాను. రెండు ప్రశ్నలకు చోటు ఎక్కువే తీసుకున్నాను. లెక్కలంటే విసుగున్నవాళ్లు అవి దాటేయొచ్చు, కానీ దాటేయకండి, అసలు సరుకంతా అక్కడే ఉంది.

ప్రశ్న: మా పాత రౌటర్‌కి రెండు యాంటెన్నాలు ఉండేవి. వెనక పడకగదిలో నెట్ రావట్లేదని షాపు అబ్బాయిని అడిగితే ఆరు యాంటెన్నాలది ఇచ్చాడు. "మేడమ్, దీంతో మూడిళ్లకి వస్తుంది" అన్నాడు. మూడిళ్ల సంగతి దేవుడెరుగు, ఆ పడకగదిలోకే రావట్లేదండీ. మోసపోయానా?
— రిటైర్డ్ టీచర్, తణుకు

జవాబు: పూర్తిగా మోసం అనలేం టీచర్ గారూ, కానీ ఆ అబ్బాయి చెప్పింది సగమే. రౌటర్‌కి ఎన్ని కొమ్ములున్నా బయటికి వదిలే శక్తికి ప్రభుత్వం పెట్టిన పరిమితి ఒకటి ఉంటుంది. కొమ్ములు ఆరైతే శక్తి ఆరింతలైపోదు. పైగా చాలా మోడళ్లలో ఆ ఆరింటిలో కొన్ని 2.4 గిగాహెర్ట్జ్‌కి, మిగతావి 5 గిగాహెర్ట్జ్‌కి పనిచేస్తాయి, మీ ఫోనేమో మామూలుగా ఒకసారికి ఒక బ్యాండ్‌లోనే ఉంటుంది. ఇక ఫోన్‌లో వైఫైకి ఉండేవి మహా అయితే రెండు యాంటెన్నాలు, చవక ఫోన్లలో ఒక్కటే. ఒకేసారి ఎన్ని డేటా స్ట్రీమ్‌లు, అంటే వేరు వేరు డేటా ధారలు, పంపొచ్చు అనేదానికి ఎవరి దగ్గర తక్కువుంటే వాళ్ల లెక్కే చెల్లుతుంది. రౌటర్‌కి నాలుగున్నా ఫోన్‌కి రెండే ఉంటే స్ట్రీమ్‌లు రెండే.

పెట్టె మీద అంకెని కూడా ఇలాగే చదవాలి. ఏఎక్స్3000 అని రాసుంటే 2.4లో 574, 5లో 2402, రెండూ కూడి గుండ్రం చేసి 3000 మెగాబిట్లు అన్నారన్నమాట. ఆ 2402 రావాలంటే ఫోన్‌కి కూడా రెండు యాంటెన్నాలుండాలి, 160 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానల్ అందుకోవడం రావాలి. 80 దాకానే వచ్చిన ఫోన్‌కి గరిష్ఠం 1201, అందులోనూ ఒక్క యాంటెన్నాయే ఉంటే దాంట్లో సగం. ఇదంతా కాగితం మీద మాట, గోడలు ఇంకా మొదలవలేదు.

అలాగని అదనపు యాంటెన్నాలు దండగేమీ కాదు. మీ ఫోన్ పంపే బలహీనమైన సిగ్నల్‌ని రౌటర్ నాలుగు చోట్ల పట్టుకుని కలుపుకుంటే ఒక్కచోట పట్టుకున్నదానికంటే శుభ్రంగా వినిపిస్తుంది. ఒక యాంటెన్నా దగ్గర సిగ్నల్ పడిపోయినా పక్కదాని దగ్గర ఉండొచ్చు. కానీ తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు రెండు, మధ్యలో ఇనప బీరువా, దాని తలుపుకి నిలువుటద్దం ఉంటే ఎన్ని కొమ్ములు మాత్రం ఏం చేస్తాయి?

పాత రౌటర్ పారేయలేదు కదా? కొత్తదాన్నుంచి పడకగది దాకా ఒక ల్యాన్ కేబుల్ లాగించి, పాతదాన్ని అక్కడ యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైఫై పంచే పెట్టెగా మాత్రమే పెట్టించండి, కేబుల్ ఖర్చుతో పోతుంది. కొత్తదాన్ని టీవీ వెనక దాచకుండా కాస్త ఎత్తులో, ఇంటి మధ్యకి జరపండి. కొమ్ములన్నీ ఒకే దిక్కుగా నిలబెట్టకుండా ఒకటి రెండు పక్కకి వాల్చండి. కొమ్ము చివర చూపే దిక్కులో సిగ్నల్ దాదాపు ఉండదు, పక్కలకే పోతుంది, కాబట్టి మేడ మీది గదికి కావాలంటే వాల్చిన కొమ్మే పనికొస్తుంది.

ప్రశ్న: మా పుస్తకంలో ఒక అధ్యాయం మల్టీపాత్ వల్ల ఫేడింగ్ వస్తుంది, అది శత్రువు అంటుంది. రెండు అధ్యాయాల తర్వాత మల్టీపాత్ ఉంటేనే మిమో పనిచేస్తుంది అంటుంది. మా సార్‌ని అడిగితే "రెండూ రాయి, మార్కులొస్తాయి" అన్నారు. ఏది నిజం?
— ఈసీఈ మూడో సంవత్సరం, కాకినాడ

జవాబు: రెండూ నిజమే, మార్కులు కూడా వస్తాయి. కానీ నువ్వు అడిగింది మార్కుల కోసం కాదు కాబట్టి కాస్త లోపలికి వెళ్దాం. మిగతా పాఠకుల కోసం ఒక మాట: ఒకే సిగ్నల్ చాలా దారుల్లో రావడం మల్టీపాత్, పంపే వైపూ అందుకునే వైపూ ఒకటికి మించి యాంటెన్నాలు వాడటం మిమో.

ఒక్క యాంటెన్నా ఉన్నప్పుడు సంగతి నీకు తెలిసిందే. నేరుగా వచ్చిన తరంగం, ఎదురింటి గోడకి తగిలి వచ్చింది, నీళ్ల ట్యాంకుకి తగిలి వచ్చింది, అన్నీ ఒకేచోట కలుస్తాయి. ఒకదాని ఎత్తు ఇంకొకదాని పల్లం మీద పడితే సిగ్నల్ మాయం. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లే కాబట్టి ఫోన్‌ని నాలుగు వేళ్ల మేర జరిపితే చాలు, చచ్చిన సిగ్నల్ లేచి కూర్చుంటుంది. ఇదీ ఫేడింగ్. ఒక చోట సిగ్నల్ పడిపోయే అవకాశం పదింట ఒకటనుకుంటే, దానికి సంబంధం లేని ఇంకో చోట రెండో యాంటెన్నా పెడితే రెండూ ఒకేసారి పడిపోయే అవకాశం వందలో ఒకటి. దీన్ని డైవర్సిటీ అంటారు. ఇక్కడ మల్టీపాత్ ఇంకా శత్రువే, మనం దాన్నుంచి తప్పించుకుంటున్నాం, అంతే.

ఇప్పుడు పంపే వైపు రెండు, అందుకునే వైపు రెండు యాంటెన్నాలు పెట్టు. ఒక దాన్నుంచి x, ఇంకో దాన్నుంచి y, ఒకే సమయంలో, ఒకే ఫ్రీక్వెన్సీలో పంపు. అందుకునే ప్రతి యాంటెన్నాకీ రెండూ కలగాపులగంగానే వస్తాయి. మొదటి దాని దగ్గర x+y=10 వచ్చింది. రెండో దాని దగ్గర దారులు వేరు కాబట్టి x−y=2 వచ్చింది. పదో తరగతి లెక్క: x=6, y=4. ఒకే గాలిలో, ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు వేరు వేరు సమాచారాలు అందాయి. అదే చుట్టూ ఏ గోడా లేక, రెండు యాంటెన్నాలకీ దారులు ఒకేలా ఉంటే? రెండో దాని దగ్గర 2x+2y=20 వస్తుంది. అది కొత్త సమీకరణం కాదు, పాతదాన్నే రెండింతలు చేసి చెప్పడం. x ఎంతో ఎప్పటికీ తేలదు.

నిజ జీవితంలో ఈ రెంటికీ మధ్యలో ఉంటాం, అసలు తలనొప్పి అక్కడే. రెండో సమీకరణం 1.01x+y=10.06 అనుకో. జవాబు 6, 4 అనే వస్తుంది. కానీ రిసీవర్‌లో చిటికెడు నాయిస్, అంటే అక్కర్లేని గోల, కలిసి 10.06 కాస్తా 10.07 అయితే? చేసి చూడు: x ఏడైపోతుంది, y మూడైపోతుంది. అదే 0.01 తప్పు మొదటి ఉదాహరణలో 2 ని 2.01 చేస్తే x 6.005 అవుతుంది, అంతే. నాయిస్ అదే, నష్టం మాత్రం ఒకచోట పిసరంత, ఇంకోచోట కొంపంతా. పుస్తకంలో కండిషన్ నంబర్ అని రాసి వదిలేసేది దీన్నే. చుట్టూ గోడలు, బళ్లు, భవనాలు తరంగాలను ఎంత చెల్లాచెదురు చేస్తే సమీకరణాలు ఒకదానికొకటి అంత దూరమవుతాయి, పరిష్కారం అంత గట్టిగా నిలబడుతుంది. అందుకే మిమోకి మల్టీపాత్ కావాలి.

ఇంకో లెక్క కూడా చూడు, ఇది క్లాడ్ షానన్ అనే గణిత శాస్త్రవేత్త 1948లో ఇచ్చిన సూత్రంతోనే. సిగ్నల్ నాయిస్ కంటే 100 రెట్లు ఉంటే ఒక హెర్ట్జ్‌కి సెకనుకి సుమారు 6.66 బిట్లు వెళ్తాయి. పవర్ రెట్టింపు చేస్తే 7.65, అంటే ఒక్క బిట్ కోసం కరెంటు బిల్లు డబుల్. అదే పవర్ పెంచకుండా, ఒకదాన్నొకటి చెడగొట్టుకోని రెండు స్ట్రీమ్‌లకి చెరి సగం పంచితే 11.3 బిట్లు! కానీ సిగ్నల్ నాయిస్‌తో సమానంగా ఉన్న చోట, అంటే టవర్‌కి దూరంగా, ఇదే పంపకం చేస్తే 1 బిట్ కాస్తా 1.17 అవుతుంది. ఆ మాత్రానికి స్ట్రీమ్‌లు విడదీసే అవస్థ ఎందుకు, అక్కడ రెండు యాంటెన్నాలనీ ఒకే స్ట్రీమ్ మీద పెట్టి బలంగా పంపడం మేలు. ఫోన్, టవర్ కలిసి క్షణక్షణం తేల్చుకునేది ఇదే: ఇప్పుడు స్ట్రీమ్‌లు ఎన్ని? దీన్నే ర్యాంక్ అంటారు.

ఈ ఆలోచనలో మనవాళ్ల చెయ్యి పెద్దది. తమిళనాడులో పుట్టి, భారత నౌకాదళంలో సోనార్ పరిశోధన చేసి, ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌కి వెళ్లిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్, అక్కడి ఆచార్యుడు థామస్ కైలాత్‌తో కలిసి యాంటెన్నాల మధ్య డేటాను విడగొట్టి పంపే పద్ధతికి 1994లో అమెరికా పేటెంటు పొందారు. పాల్‌రాజ్‌కి 2010లో పద్మభూషణ్, 2014లో మార్కోనీ బహుమతి వచ్చాయి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో తెలతార్ 1995లో, ఫొష్చీని 1996లో లెక్కలు తేల్చారు. ఆ దశాబ్దం చివర్లో అక్కడే 8 యాంటెన్నాలతో పంపి 12తో అందుకుని, నాలుగు గోడల మధ్య, హెర్ట్జ్‌కి 20 నుంచి 40 బిట్ల దాకా చూపించారు. అంతదాకా నమ్మనివాళ్లు చాలామందే.

లెక్చర్ నోట్స్ పక్కన పెట్టి, పైథాన్‌లో యాదృచ్ఛికంగా 2×2 మ్యాట్రిక్స్‌లు వెయ్యి పుట్టించి, ఒక్కోదానికీ సింగ్యులర్ వాల్యూలు తీసి, చిన్నదానికీ పెద్దదానికీ నిష్పత్తి గీసి చూడు. మిమో ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు మొరాయిస్తుందో ఆ బొమ్మలోనే కనిపిస్తుంది.

ప్రశ్న: 5జీ టవర్ బీమ్‌ని సరిగ్గా మన ఫోన్ వైపే తిప్పుతుందని చదివాను. మా ఫ్లాట్ కిటికీలోంచి చూస్తే ఆ తెల్ల డబ్బా ఎప్పుడూ కదిలినట్టు కనిపించదు. మరి దేన్ని తిప్పుతుంది? నా ఫోన్ ఎక్కడుందో దానికెలా తెలుస్తుంది, లొకేషన్ ఆఫ్ చేస్తే మానేస్తుందా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: డబ్బా కదలదండీ, కదలాల్సిన అవసరం లేదు. కిటికీలోంచి ఈసారి కాస్త పరీక్షగా చూడండి. అదే టవర్ మీద మనిషి ఎత్తుకి అటూ ఇటూగా సన్నగా పొడుగ్గా ఉన్నవి పాత 4జీ ప్యానెళ్లు, వాటి అడుగున లావుపాటి నల్ల కేబుళ్లు వేలాడుతుంటాయి. మీరు చెబుతున్న డబ్బా పొట్టిగా, వెడల్పుగా, వెనకవైపు వేడి పోవడానికి రెక్కలతో ఉంటుంది, కింద ఆ లావు కేబుళ్లుండవు, ఒక ఫైబర్, ఒక పవర్ వైరు, అంతే. ఎందుకంటే రేడియోలన్నీ దాని లోపలే, యాంటెన్నాల వెనకే ఉన్నాయి. పెద్ద మోడల్ అయితే 64 రేడియోలు, వాటి ముందు సాధారణంగా 192 చిన్న చిన్న యాంటెన్నాలు. 3.5 గిగాహెర్ట్జ్‌కి తరంగం పొడవు 8.6 సెంటీమీటర్లు, యాంటెన్నాల మధ్య దాంట్లో సగం ఎడం చాలు కాబట్టి ఇన్ని ఒక డబ్బాలో పడతాయి. అదే 900 మెగాహెర్ట్జ్‌లో పెట్టాలంటే అటూ ఇటూ నాలుగింతలు, టవర్ మీద గోడ కట్టినట్టే!

ఇక తిప్పడం. 64 రేడియోలూ ఒకే సిగ్నల్‌ని పంపుతాయి, కానీ ఒక్కొక్కటి ఒక్కో ఫేజ్‌తో, అంటే రవ్వంత ముందూ వెనకా చేసి. ఆ తేడాలు ఎలా ఎంచుకుంటారంటే, మీ ఫోన్ దగ్గరికి వచ్చేసరికి 64 తరంగాల ఎత్తులూ ఒకేసారి పడాలి. బురదలో దిగబడ్డ బండిని పదిమంది తోసేటప్పుడు ఎవరికి వాళ్లు తోస్తే కదలదు, ఐలేసా అని ఒకేసారి తోస్తే కదులుతుంది, ఇదీ అంతే. లాభం ఎంతంటే, అంతే మొత్తం పవర్‌తో ఒక్క యాంటెన్నా పంపినదానికంటే 64 రెట్లు, ఇంజినీర్ల భాషలో 18 డెసిబెల్స్. అది అందరికీ కాదు, మీ ఫోన్ ఉన్న చోట మాత్రమే.

మీ లొకేషన్ దానికి తెలియదు, తెలిసినా ఉపయోగం తక్కువ. మీరు ఏ అంతస్తులో ఉన్నారో తెలిసినంత మాత్రాన సిగ్నల్ ఎదురు భవనం అద్దాలకి తగిలి మీ కిటికీలోకి వస్తోందో, మెట్ల దారిన వస్తోందో తెలీదు కదా. అది తెలుసుకునే పద్ధతి వేరు. మీ ఫోన్ కొన్ని మిల్లీసెకన్లకొకసారి, ముందుగానే ఒప్పందమైన ఒక సిగ్నల్‌ని పైకి పంపుతుంది, దాన్ని సౌండింగ్ సిగ్నల్ అంటారు. ఏం పంపిందో టవర్‌కి ముందే తెలుసు కాబట్టి, తన 64 రేడియోల దగ్గరికి అది ఎలా మారిపోయి వచ్చిందో కొలుచుకుంటుంది. మన దేశంలో 3.5 గిగాహెర్ట్జ్ 5జీలో పైకీ కిందకీ ఒకే ఫ్రీక్వెన్సీ, వంతులవారీగా. కాబట్టి ఫోన్ నుంచి టవర్‌కి గాలి చేసిన మార్పే టవర్ నుంచి ఫోన్‌కీ చేస్తుంది. కొలిచినదాన్ని తిరగేసి పంపితే చాలు, గోడకి తగిలి వచ్చింది గోడకి తగిలే వెనక్కి వెళ్తుంది. బీమ్ అనగానే టార్చిలైటు వెలుగులాంటి బొమ్మ వేస్తారు ప్రకటనల్లో, ఊళ్లో అది నాలుగైదు దిక్కులు కలిసిన ఓ గజిబిజి ఆకారం.

వినడానికి తేలిగ్గా ఉంది కానీ చిక్కులు చాలా. గాలి రెండు వైపులా ఒకటే అయినా డబ్బాలోని పంపే సర్క్యూటు, అందుకునే సర్క్యూటు ఒకటి కావు, వేడికి ఒక్కోటి ఒక్కోలా మారతాయి. అందుకని డబ్బా తనను తాను మళ్లీ మళ్లీ కాలిబ్రేట్ చేసుకుంటూనే, అంటే ఆ తేడాలు కొలిచి సరిచేసుకుంటూనే ఉండాలి. మీ ఫోన్‌కి ఈ బ్యాండ్‌లో అందుకోవడానికి నాలుగు యాంటెన్నాలున్నా పంపడానికి ఒకటో రెండో, కాబట్టి నాలుగింటి సంగతీ టవర్‌కి తెలియాలంటే ఫోన్ వాటిని ఒకదాని తర్వాత ఒకటి మార్చి పంపాలి. అన్ని ఫోన్లూ ఆ పని చేయవు. ఒకే టవర్ కింద రెండు ఫోన్లు ఒకే కంపెనీ సిమ్‌తో, ఒకే బల్ల మీద వేరు వేరు స్పీడు చూపించడానికి ఇదో కారణం, దీన్ని ఏ అమ్మకం కాగితంలోనూ రాయరు.

పైకి ఒక ఫ్రీక్వెన్సీ, కిందకి ఇంకోటి వాడే బ్యాండ్లలో ఈ తిరగేసే కిటుకు పూర్తిగా పారదు. అక్కడ టవరే కొలత సిగ్నల్ పంపుతుంది, ఫోన్ కొలిచి జవాబు చెప్పాలి. మొత్తం కొలతలు పైకి పంపాలంటే అప్‌లోడ్ అంతా దానికే సరిపోతుంది. అందుకని ఇద్దరి దగ్గరా ముందే ఒక కోడ్‌బుక్ ఉంటుంది, అందులో రకరకాల ఫేజ్ అమరికలు రాసి ఉంటాయి. ఫోన్ "ఫలానా నంబరు అమరిక నాకు బాగుంది, స్ట్రీమ్‌లు రెండు పట్టగలను, ఇంత స్పీడు తట్టుకోగలను" అని మూడు చిన్న అంకెలు చెబుతుంది. రెడీమేడ్ చొక్కా సైజు చెప్పడంలా ఉందంటారేమో, నిజమే, ఒంటికి అతికినట్టు ఉండదు, పని నడుస్తుంది. ఈ రంగంలో సిగ్నల్ మెరుగుపరచడం మీద వచ్చే పేటెంట్లలో ఎన్నెన్నో ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంటాయి: తక్కువ బిట్లలో ఎక్కువ నిజం ఎలా చెప్పాలి?

ఎందుకంటే యాంటెన్నాలు డబ్బు పెట్టి కొనొచ్చు, దారి ఎలా ఉందన్న సమాచారాన్ని కొనలేం. ఒకేసారి ఐదారుగురికి అదే ఫ్రీక్వెన్సీలో పంపేటప్పుడు ఇది ఇంకా తెలుస్తుంది. మీకు పంపే సిగ్నల్ మీ దగ్గర కలిసి రావాలి, పక్క ఫ్లాట్ వాళ్ల దగ్గర ఒకదాన్నొకటి చంపుకోవాలి. కొలతలో చిన్న తప్పున్నా మీ బలం కొంచెమే తగ్గుతుంది, కానీ వాళ్ల దగ్గర సున్నా కావాల్సింది సున్నా కాదు, ఇద్దరికీ నెట్ చెడుతుంది. వందల యాంటెన్నాలు పెడితే చాలా సమస్యలు వాటంతటవే సర్దుకుంటాయని బెల్ ల్యాబ్స్ పరిశోధకుడు థామస్ మార్జెట్టా 2010లో రాసిన వ్యాసంలోనే, ఎన్ని పెట్టినా పోని ఒక చిక్కు కూడా చూపించారు. పక్క టవర్ కింది ఫోన్లు కూడా అవే కొలత సిగ్నళ్లు వాడితే మన టవర్ వాళ్ల దారినీ మన దారినీ కలిపి కొలిచేసుకుంటుంది.

ఒక స్థానిక సంగతి. 2022 మే 17న ప్రారంభమైన దేశీయ 5జీ టెస్ట్‌బెడ్‌ని, అంటే 5జీ పరికరాలు పరీక్షించుకునే వేదికని, ఐఐటీ మద్రాస్ నాయకత్వంలో ఎనిమిది సంస్థలు కట్టాయి, అందులో మీ ఊరి పక్కనున్న ఐఐటీ హైదరాబాద్ ఒకటి.

ప్రశ్న: విజయవాడ నుంచి సికింద్రాబాద్ రైల్లో వస్తుంటే ఫోన్ ఫుల్ సిగ్నల్ చూపిస్తుంది, వీడియో మాత్రం తిరుగుతూనే ఉంటుంది. స్టేషన్‌లో ఆగితే బ్రహ్మాండంగా ఆడుతుంది. ఎందుకు?
— ఖమ్మం పాఠకుడు

జవాబు: పై జవాబు చదివి ఉంటే సగం మీకే తట్టి ఉంటుంది. రైలు గంటకి 110 కిలోమీటర్లు పోతుంటే సెకనుకి సుమారు 30 మీటర్లు. టవర్ మీ ఫోన్ దారిని కొలిచి, లెక్క కట్టి, పంపడానికి 10 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి, ఈలోగా మీరు 30 సెంటీమీటర్లు ముందుకి వెళ్లిపోయారు. 3.5 గిగాహెర్ట్జ్‌లో తరంగం పొడవు 8.6 సెంటీమీటర్లే, అందులో సగం జరిగితేనే ఎత్తు పల్లమవుతుంది. అంటే టవర్ మీకు పంపుతున్నది మీరు లేని చోటికి సరిపోయే అమరిక. యాంటెన్నాలు ఎంత ఎక్కువుంటే కొలత అంత కచ్చితంగా ఉండాలి, కాబట్టి దెబ్బ కూడా అంత ఎక్కువ. అందుకే వేగంగా పోయేవాళ్లకి టవర్ ఈ సోకులన్నీ పక్కన పెట్టి వెడల్పు బీమ్‌లతో సరిపెడుతుంది. 4జీలో అయితే 1998లో సియావాష్ అలమూటి అనే ఇంజినీరు చూపించిన చిట్కా వాడతారు. రెండు యాంటెన్నాల నుంచి అదే డేటాను తారుమారు చేసి, ఒకదానికి గుర్తు మార్చి పంపితే, దారి గురించి టవర్‌కి ఏమీ తెలియకపోయినా ఫోన్ రెంటినీ విడదీసి కలుపుకోగలదు. స్పీడు పెరగదు, తెగిపోకుండా ఉంటుంది. దీనికి తోడు ఇనప బోగీ, ఏసీ అయితే అద్దాలు కూడా, అదీగాక బండిలో వందలమంది ఒకేసారి ఒక టవర్ మీంచి ఇంకో టవర్‌కి దూకడం.

ఫుల్ సిగ్నల్ సంగతా? ఆ గీతలు చూపించేది టవర్ అందరికీ కలిపి ప్రసారం చేసే గుర్తింపు సిగ్నల్ బలాన్ని. మీ డేటా ఎలా వస్తోందో వాటికి తెలీదు. వాటిని నమ్ముకుని టెన్షన్ పడకండి, సినిమా ముందే డౌన్‌లోడ్ చేసుకుని రైలెక్కండి.

ప్రశ్న: నేను వంటల వీడియోలు పెడుతుంటాను. మా ఊళ్లో 5జీ వచ్చింది, డౌన్‌లోడ్ 200 దాకా వస్తోంది, అప్‌లోడ్ మాత్రం 5 కూడా దాటదు. టవర్ కొత్తదే కదా?
— పాఠకురాలు, జగిత్యాల జిల్లా

జవాబు: టవర్ కొత్తదేనమ్మా, మీ చేతిలో ఫోన్ టవర్ కాదు. టవర్ డబ్బా 200 వాట్ల స్థాయిలో పంపగలదు. ఫోన్‌కి మామూలుగా ఉన్నది 0.2 వాట్, ఈ బ్యాండ్‌లో కొన్ని ఫోన్లకి దానికి రెట్టింపు. అంటే వెయ్యింతల తేడా. పైగా వంతులవారీ పద్ధతిలో టైమంతా ఎక్కువగా డౌన్‌లోడ్‌కే కేటాయిస్తారు, నాలుగైదు వంతుల్లో ఒకటే మనది. 64 యాంటెన్నాలు మీ బలహీన సిగ్నల్‌ని కలిపి వినడం వల్లే ఆ మాత్రమైనా వెళ్తోంది.

వంటింట్లోంచి కాకుండా డాబా మీదికి వెళ్లి అప్‌లోడ్ పెట్టి చూడండి, గోడలు తగ్గితే తేడా వెంటనే కనిపిస్తుంది. అక్కడా రాకపోతే సెట్టింగుల్లో 4జీకి మార్చి ప్రయత్నించండి. తక్కువ ఫ్రీక్వెన్సీలో ఫోన్ మాట దూరం వెళ్తుంది, ఊరి చివర ఇళ్లకి ఒక్కోసారి పాతదే నయం. ఫోన్‌ని అడ్డంగా రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటే యాంటెన్నాలు ఉన్న అంచులు మూసుకుపోతాయి, అప్‌లోడ్ అవుతున్నంతసేపూ బల్ల మీద వదిలేయండి.

ప్రశ్న: ఒక్క డబ్బాలో 192 యాంటెన్నాలంటే రేడియేషన్ కూడా 192 రెట్లా?
— గుంటూరు

జవాబు: కాదు. మొత్తం పవర్‌కి లెక్క ఉంటుంది, యాంటెన్నాలు దాన్ని పంచుకుంటాయి. బీమ్ కూడా రోజంతా ఒకరి మీదే నిలవదు, ఎవరు డేటా అడిగితే అటు, అడిగినంతసేపే. టవర్ల రేడియేషన్ పరిమితిని మన దేశం 2012లో అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకి కుదించింది.

ప్రశ్న: ఫైబర్ రాని వీధి మాది. 5జీ హోమ్ ఇంటర్నెట్ పెట్టించాం, డాబా మీద చిన్న డబ్బా బిగించారు. బిగించిన అబ్బాయి "ఎటు పెట్టినా ఒకటే సార్" అన్నాడు. ఒకటేనా?
— అనంతపురం

జవాబు: ఒకటే కాదు. అయినా మీరు అదృష్టవంతులే, టవర్‌కి ఇలాంటి కస్టమరే ఇష్టం. కదలరు, దారి మారదు, కొలిచిన కొలత చాలాసేపు చెల్లుతుంది. అందుకని బిగించేటప్పుడు పావుగంట ఓపిక పడితే ఏళ్ల తరబడి ఉపయోగం. ఆ డబ్బా లోపలి యాంటెన్నాలు ఒకవైపుకే బాగా చూస్తాయి, కాబట్టి ముఖం టవర్ వైపు ఉండాలి, ఎదురుగా నీళ్ల ట్యాంకు, రేకుల షెడ్డు, వేపచెట్టు గుబురు లేకుండా చూసుకోవాలి. చెట్టు ఆకుల్లో నీళ్లుంటాయి, 3.5 గిగాహెర్ట్జ్‌ని బాగానే తాగేస్తాయి, వాన తడిసిన రోజు మరీ.

యాప్‌లో గానీ రౌటర్ పేజీలో గానీ రెండు అంకెలు దొరుకుతాయి: ఆర్ఎస్ఆర్‌పీ, ఎస్ఐఎన్ఆర్. మొదటిది బలం, రెండోది శుభ్రత. చాలామంది మొదటిదే చూసి తృప్తి పడతారు. మీరు రెండోదాన్ని చూస్తూ డబ్బాని పది డిగ్రీలు పది డిగ్రీలుగా తిప్పండి, ప్రతిచోటా నిమిషం ఆగండి. బలం కాస్త తగ్గినా శుభ్రత పెరిగే దిక్కు ఒకటి దొరకొచ్చు, పక్క టవర్ గోల అక్కడ తక్కువన్నమాట, దాన్నే ఎంచుకోండి. కొన్ని రౌటర్లు ర్యాంక్ కూడా చూపిస్తాయి. అది 1 దగ్గరే ఆగిపోయి ఉంటే డబ్బాని ఒక అడుగు పక్కకి జరిపి చూడండి. 2కో 3కో ఎక్కితే అక్కడే క్లాంపు బిగించేయండి, నట్లు ఈసారి ఆ అబ్బాయికి వదలకుండా మీరే టైట్ చేసుకోండి, అనంతపురం గాలి సంగతి మీకు నేను చెప్పాలా.